నా కూతురికి దొరికిన అమ్మ

నా కూతురి మీద నాకు అసూయ. ఈ మాట మా స్కూలు స్టాఫ్ రూములో అంటే అందరూ నవ్వేస్తారు. మూడేళ్ల పిల్ల, కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకుని నడిచే పిల్ల, దాన్ని చూసి కుళ్లుకోవడానికి ఏముందంటారు. ఉంది. దానికి మంచి అమ్మమ్మ దొరికింది. ఆ అమ్మమ్మ నన్ను కన్న తల్లి. నన్ను పెంచిన రోజుల్లో మాత్రం ఆమె ఇలా లేదు. నా మంట అంతా అదే.

మేముండేది నాచారంలో. ఫ్యాక్టరీల వైపు వెళ్లే లారీలు మా బాల్కనీ కింద నుంచి పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. ఫ్లాటు కొన్న కొత్తలో ఆ మోత భరించలేక మా ఆయనతో గొడవ పడేదాన్ని. అమ్మ వచ్చాక ఆ లారీలకూ ఒక విలువ వచ్చింది. పొద్దున నేను స్కూలుకు తయారవుతుంటే ఆమె బాల్కనీలో పీట వేసుకుని, పప్పన్నం కలిపి, లారీకొక ముద్ద చొప్పున పిల్లకు తినిపించేది.

“అగో, ఎర్ర లారీ మామ వస్తున్నడు. ఇంట్ల పెండ్లాంతోటి కొట్లాడి తినకుండ వచ్చిండట. నువ్వన్న తిను, సూసి సంబురపడ్తడు.”

వంటింట్లో టిఫిన్ బాక్సు సర్దుకుంటూ ఇవన్నీ వినేదాన్ని. నీలం లారీ మామకు నిద్రంటే ప్రాణం. సిమెంటు లారీ మామ మొహం కడుక్కోడు. ఒకరోజు చెప్పిన కథ మర్నాడు చెప్పేది కాదు. ఈమెకు ఇన్ని కథలు వచ్చని ముప్ఫై దాటేదాకా నాకు తెలియదు. నాకు ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు. ఒళ్లు మండి బాక్సు మూత గట్టిగా కొడితే, “మెల్లగ బిడ్డా, ఇర్గుతది” అనేది, ఇటు చూడకుండానే.

నేను పెరిగింది ఉప్పల్లో, ఒక ఇంటి వెనక రెండు గదుల పోర్షన్‌లో. అమ్మా నాన్నా పెళ్లయిన కొత్తలో సిద్దిపేట దిక్కు నుంచి వచ్చారు. నాన్న నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసేవాడు. వాళ్లకు నేనొక్కదాన్నే. స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. “మీ అమ్మకు తలనొప్పి. లొల్లి జేయకు” అనేవాడు నాన్న. మా ఇంట్లో దాని పేరు తలనొప్పి. వస్తే వారాల తరబడి ఉండేది. నాన్న షిఫ్టు నుంచి వచ్చి కోడిగుడ్డు పులుసు చేసేవాడు, నేను అన్నం వండేదాన్ని. తగ్గిన రోజుల్లో అమ్మ లేచి ఇల్లంతా కడిగేది, బట్టలన్నీ ఉతికేది. అప్పుడు కూడా మాట అడిగితేనే వచ్చేది.

ఆమె వీపు నాకు కంఠతా వచ్చు. జాకెట్టు ఎక్కడ కుట్టు ఊడిందో ఇప్పటికీ చెప్పగలను. ఆ వీపు పక్కన నేను వస్తువులు తెచ్చి పెట్టేదాన్ని. నేను గీసిన బొమ్మ, టీ గ్లాసు, ఒకసారి స్కూల్లో బహుమతిగా ఇచ్చిన స్టీలు డబ్బా. పొద్దున చూస్తే ఎక్కడివి అక్కడే ఉండేవి. నేనేదో తప్పు చేశానని, అదేమిటో కనిపెట్టి సరిచేస్తే అమ్మ ఇటు తిరుగుతుందని అనుకునేదాన్ని. ఎంత వెతికినా ఆ తప్పు దొరకలేదు.

పక్క పోర్షన్‌లో నా ఈడు పిల్ల ఒకతె ఉండేది. వాళ్లమ్మ గరిటె పట్టుకుని దాన్ని వాకిలంతా తరిమేది. “నీ కాళ్లిర్గ, ఏడ సచ్చినవే, అన్నం సల్లారిపోతున్నది” అని గల్లీ చివరిదాకా వినపడేలా అరిచేది. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి మా తలుపు వెనక దాక్కుని, “నీకేమే, మీయమ్మ ఏమనది” అనేది. నాకు కడుపు రగిలిపోయేది. తన్నులు తినే పిల్లను చూసి కుళ్లుకున్నదాన్ని, గోరుముద్దలు తినే పిల్లను చూసి ఊరుకుంటానా.

నా పెళ్లయిన మరుసటేడు నాన్న పోయాడు. అమ్మ ఉప్పల్లోనే చిన్నమ్మ ఇంటికి మారింది. అక్కడ ఉండగానే ఆమెలో మార్పు వచ్చింది. ఫోన్ తనే చేసేది, తిన్నావా అని అడిగేది, ఏదో ఒకటి చెప్పి నవ్వేది. చిన్నమ్మ మాత్రం, “మీ అమ్మకు బీపీ ఉన్నదట, గోలీలు ఏసుకుంటున్నది” అని చెప్పింది. సరే, వయసు కదా అనుకున్నాను. తొలి కాన్పుకు పుట్టింటికి పోవాలి. నాకు పుట్టిల్లు లేదు కనుక ఆమే మా ఇంటికి వచ్చింది. వచ్చి ఉండిపోయింది.

బాలింతను చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు పాలు పడుతున్నాయా, కుట్లు మానాయా అని అడిగేవాళ్లు. అమ్మ మాత్రం నా మొహంలోకి చూసి, “మనసెట్లున్నది బిడ్డా? ఊకెనే ఏడుపొస్తున్నదా?” అనేది. పొద్దున అడిగేది, మళ్లీ సాయంత్రం అడిగేది. నిజం చెప్పాలంటే వచ్చేది. స్నానాల గదిలో నల్లా తిప్పుకుని ఏడ్చేదాన్ని. కానీ ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. “నేను నీలాగ కాను లే” అన్నానొకసారి. ఆమె పిల్లను భుజాన వేసుకుని, “నువ్వు పండుకో, నేను సూసుకుంట” అని తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. అలా రోజూ వేసింది. నేను పడుకున్నాను. నిద్ర పట్టే కొద్దీ ఏడుపు తగ్గింది. కానీ ఆ నెలల్లోనే పిల్ల ఆమె గొంతుకు అలవాటు పడిపోయింది. నేనెత్తుకుంటే గుక్కపట్టేది, ఆమె ‘ఓ ఓ’ అంటే చాలు ఊరుకునేది. అప్పుడు మొదలైంది నాకు ఈ జబ్బు. ఇద్దరి మీదా. తల్లిని పిల్ల లాక్కుంది, పిల్లను తల్లి లాక్కుంది, మధ్యలో నేనెవర్ని అని.

ఒక సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి ఇద్దరూ కలిసి గోడ నిండా కలర్ పెన్సిళ్లతో లారీలు గీశారు. అద్దె ఇల్లు కాదు, సొంత ఇల్లు, కొత్త రంగు. నేను అరిచాను. “చిన్నపిల్ల గదా, ఇడ్సెయ్యి” అంది అమ్మ.

“నేను గూడ చిన్నపిల్లనే ఉంటిని గదా అమ్మా ఒకప్పుడు” అన్నాను.

ఆమె తడిగుడ్డ తెచ్చి లారీలను తుడవడం మొదలుపెట్టింది. ఒక్క మాట తిరిగి అనలేదు. అంటే బాగుండేదని నా కోపం. పోట్లాటకు కూడా నాతో కలిసిరాని మనిషి, పిల్లతో మాత్రం రోజంతా కబుర్లు.

ఇక ఉప్పు సంగతి చెప్పాలి. బీపీ మనిషి కదా అని మొదటి నుంచీ ఆమెకు పప్పు, కూర విడిగా తీసి, ఉప్పు వేయకుండా పెట్టేదాన్ని. తొక్కులు, అప్పడాలు బంద్. ఇందులో నా కక్ష కూడా కొంచెం ఉందేమో, ఒక్కరోజు మర్చిపోలేదు. ఆమె కూడా ఒక్కరోజు ‘సప్పగున్నది’ అనలేదు. మేము కొత్త మామిడికాయ తొక్కు వేసుకుని తింటుంటే కళ్లు పక్కకు తిప్పుకునేది. గోలీలు మమ్మల్ని కొననిచ్చేది కాదు. నెలకోసారి చిన్నమ్మను చూసొస్తానని ఉప్పల్ వెళ్లి అక్కడే తెచ్చుకునేది.

మా ఆయన మంచివాడు, అందులోనూ అతి మంచివాడు. ఒక ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఉచిత పరీక్షల క్యాంపు పెడితే అత్తగారిని పట్టుబట్టి తీసుకెళ్లాడు. బీపీ చూసిన డాక్టరు, “బ్రహ్మాండంగా ఉందమ్మా. ఏ గోలీ వాడుతున్నారు? ఒకసారి ఆ గోలీల షీటు పట్టుకురండి, అవసరం ఉందో లేదో చూద్దాం” అన్నాడట. ఇల్లు రెండు అడుగుల దూరం. అమ్మ షీటు తేవడానికని వచ్చి, మళ్లీ వెళ్లలేదు. మా ఆయన ఫోన్ చేసి అడిగితే, “నేను మల్ల పొయ్యి అడిగిన అల్లుడా. ఇగ అవసరం లేదన్నడు” అని అబద్ధం చెప్పింది.

ఆయన సంబరం చూడాలి. మా వాళ్లందరికీ ఫోన్లు. “మా అత్తమ్మకు బీపీ పోయింది. మా ఆమె చేసిన పథ్యం అది.” ఆ మధ్యాహ్నం తనే వేడన్నంలో మామిడికాయ తొక్కు, నెయ్యి వేసి ఆమె ముందు పెట్టాడు. అమ్మ కలుపుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తింది. కారానికనుకున్నాం. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె గోలీ వేసుకుంటే, “ఇంకెందుకు అత్తమ్మా” అనే మనిషి ఒకడు తయారయ్యాడు. ఉప్పల్ వెళ్లొస్తానంటే, “గోలీల పని లేదు గదా, చిన్నత్తమ్మనే ఇక్కడికి రమ్మందాం” అనేవాడు. ఉన్న గోలీలు అయిపోయాక ఆమె మళ్లీ తెచ్చుకోలేదు.

కొన్ని వారాలు ఏమీ తెలియలేదు. తర్వాత లారీ మామలు మాట్లాడటం మానేశారు. అమ్మ బాల్కనీలో కూర్చునేది, ముద్ద పెట్టేది, కథ ఉండేది కాదు. పిల్ల, “ఎర్ర మామ ఏమన్నడు?” అంటే, “ఏమో బిడ్డా” అనేది. తర్వాత బాల్కనీలోకి రావడం మానేసింది. ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి గదిలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఏమైందంటే, “తలనొప్పి” అంది.

ఆ మాట వినగానే నాకేం అనిపించిందో రాస్తాను, మీరేమనుకున్నా సరే. ఒక్క క్షణం సంతోషం కలిగింది. తెలిసిందా, నీ అమ్మమ్మ కూడా నా అమ్మలాంటిదే, అని మనసులో నా కూతురితో అన్నాను. ఇప్పటికి ఇద్దరం సమానమయ్యాం అని.

అది ఎంతో సేపు లేదు. నేను చీర మార్చుకుంటుంటే పిల్ల తన బొమ్మ సామాను తెచ్చింది. చిన్న ప్లాస్టిక్ కప్పులో నల్లా నీళ్లు పోసి, తొణక్కుండా నడుచుకుంటూ వచ్చి, అమ్మ వీపు దగ్గర మంచం మీద పెట్టింది. “చాయ్ తాగు అమ్మమ్మా” అంది. నిలబడింది. కప్పు ఒరిగి దుప్పటి తడిసింది. వీపు కదల్లేదు. పిల్ల నా దగ్గరికి వచ్చి కొంగు పట్టుకుని, రహస్యం చెప్పినట్టు మెల్లగా అడిగింది. “అమ్మమ్మకు నామీద కోపమొచ్చిందా? నేనేం జేసిన?”

నా చేతిలో కుచ్చిళ్లు అలాగే ఉండిపోయాయి. ఈ ప్రశ్న నాది. నేను ఉప్పల్లో ఎవరినీ అడగలేక మింగిన ప్రశ్న. “నువ్వేం జెయ్యలె. ఏం జెయ్యలె బిడ్డా” అని దాన్ని ఎత్తుకుని, పక్కింటికి ఆడుకోవడానికి పంపి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. నాకు అసూయ పోలేదు, కానీ భయం దాన్ని పక్కకు నెట్టింది. ఈ వీపును చూస్తూ ఇంకొక ఆడపిల్ల పెరగకూడదు. అంతే తెలుసు నాకు.

“అమ్మా, ఇన్నేండ్లు మంచిగుంటివి. ఇప్పుడేమైంది? నిజం చెప్పు.”

గోడతో చెప్పినట్టే చెప్పింది. “గవి బీపీ గోలీలు కావు.”

నాన్న పోయాక తిండి, నిద్ర మానేస్తే చిన్నమ్మ ఆమెను హబ్సిగూడలో మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లిందట. ఆ గోలీలు వేసుకున్న కొన్నాళ్లకు ప్రపంచం తెల్లారినట్టు అనిపించిందట. అల్లుడికి తెలిస్తే, వియ్యాలవారికి తెలిస్తే, పిచ్చిదాని బిడ్డను చేసుకున్నామని నన్నంటారని అక్కాచెల్లెళ్లిద్దరూ అనుకుని బీపీ అని పేరు పెట్టారట. “క్యాంపుల షీటు సూపిస్తే అల్లుని ముంగట డాక్టరు సదువుతడు గదా. అందుకే పోలె. మల్ల నాకు గూడ అనిపిచ్చింది, ఇగ మంచిగనే ఉన్న గదా అని.”

నేను ఓదార్చలేదు. నాకు కోపం వచ్చింది. ఒక గోలీ ఉందన్నమాట. మందుల షాపులో దొరికే గోలీ. అది నాకు ఆరేళ్లప్పుడో, పదేళ్లప్పుడో అమ్మకు దొరికి ఉంటే లారీ మామలు నాకూ మాట్లాడేవాళ్లు. నా కూతురు పుట్టే సమయానికి సరిగ్గా అన్నీ తయారుగా ఉన్నాయి. ఎవరి మీద అరవాలో తెలియక లేచి ఆ తడిసిన దుప్పటి లాగి బాల్కనీలో పడేశాను.

మా ఆయనకు నేనే చెప్పాను. ఆయన వెళ్లి అమ్మ గది గుమ్మం దగ్గర నిలబడి, “మరి ఇన్ని రోజులు ఉప్పు లేకుండ ఎందుకు తిన్నరు అత్తమ్మా?” అని అడిగాడు.

“బీపీ అన్న గదా అల్లుడా, మరి తినాలె గదా” అంది అమ్మ. ఆయన వంటింట్లోకి వెళ్లి సింకు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి అమ్మను హబ్సిగూడ తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఆమెను గుర్తుపట్టింది, తిట్టలేదు. చెప్పకుండా మందు ఆపితే ఇలాగే తిరగబెడుతుందని చెప్పి, మళ్లీ మొదటి నుంచి అన్నీ అడిగింది. “ఇలా మొట్టమొదట ఎప్పుడైందమ్మా?”

అమ్మ నా వైపు చూసి తల దించుకుంది. “చెప్పమ్మా” అన్నాను.

“ఈమె పుట్టినంక.”

నాకు తెలుస్తూనే ఉంది ఆ జవాబు వస్తుందని. అయినా చెంప మీద కొట్టినట్టయింది. వెతికి వెతికి దొరకని తప్పు ఇదన్నమాట, పుట్టడం. నా మొహం చూసిందో ఏమో, అమ్మ గబగబా మాట్లాడింది. అంత పొడుగు మాట నేనామె నోట వినలేదు.

“ఈమెతోని ఏం కాలె డాక్టరమ్మా. ఈమె మస్తు మంచిగుండె, ఏడ్వకపోతుండె గూడ. నాకే ఏమో అయ్యింది. మా అత్త బాలింత గాలి సోకిందన్నది, తాయెత్తు కట్టిన్రు. దవాఖానకు ఎవ్వరు తోల్కపోలె. ఇరువైనాలుగు గంటలు కండ్లెంబడి నీళ్లు. గా మొకం సూస్తే పిల్ల బెదురుతదని గోడ దిక్కు తిర్గి పండుకుంటుంటి. ఈమె కాన్పుల గూడ గదే నా ఫికరు, ఈమెకు గట్లనే అయితదేమో అని.”

డాక్టరమ్మ నా వైపు చూసింది, ఏడుస్తాననుకుందేమో. నేను ఏడవలేదు. నాకు అప్పుడు అనిపించిందొక్కటే. నాకు ఆ ఏడుపు మొహమే కావాల్సింది. బెదిరితే బెదిరేదాన్ని. వీపు కంటే అదే నయం. ఆటోలో తిరిగొస్తూ ఆ మాట ఆమెతో అనేశాను. “నాకేం తెల్సు బిడ్డా” అంది. నిజమే, ఆమెకేం తెలుసు. నా చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఇల్లు వచ్చేదాకా అలాగే ఉంచింది. నల్లా తిప్పుకుని ఏడ్చిన రోజుల సంగతి అప్పుడు చెప్పాను. “తెల్సు. కండ్లు సూస్తే తెల్వదా” అంది.

గోలీలు ఇప్పుడు డైనింగ్ టేబుల్ మీద, అందరికీ కనిపించేలా స్టీలు గిన్నెలో ఉంటాయి. మా అత్తగారు వచ్చినప్పుడు ఇవేమిటని అడిగితే మా ఆయనే చెప్పాడు, మనసుకు వేసుకునే మందులని. ఆమె ‘ఓహో’ అని, తనకు కూడా నిద్ర పట్టడం లేదని చెప్పుకొచ్చింది. అమ్మ తేరుకోవడానికి చాలా రోజులే పట్టింది. ముందు వంటింట్లోకి వచ్చింది. తర్వాత ఒక పొద్దున బాల్కనీలో సిమెంటు లారీ మామ మొహం కడుక్కున్నాడన్న వార్త వినపడింది. పిల్ల కిలకిల నవ్వింది. నాకు మళ్లీ కుళ్లు పుట్టింది. పోతుందనుకున్నాను గానీ, పోలేదు.

పోయిన ఆదివారం అమ్మ కొబ్బరినూనె వేడిచేసి, పిల్లకు తలంటడానికి హాల్లో కూర్చుంది. పిల్ల లోపల బొమ్మలు సర్దుకుంటోంది, ఎంత పిలిచినా రాలేదు. నేను సోఫాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పేపర్లు పక్కన పెట్టి, వెళ్లి అమ్మ ముందు నేల మీద కూర్చుని జుట్టు ముడి విప్పాను.

“ఏందే?” అంది అమ్మ.

“నాకు పెట్టు.”

ఆమె గోరువెచ్చని నూనె నడినెత్తిన పోసి, రెండు చేతులతో మర్దన చేయడం మొదలుపెట్టింది. నా తలలో తెల్ల వెంట్రుకలు చూసి ‘అయ్యో’ అంది. అప్పుడు వచ్చింది నా కూతురు. చూసి ఒక్క ఉదుటున పరుగెత్తుకొచ్చి, నా భుజం పట్టుకుని తోసింది. “లే అమ్మా. అమ్మమ్మ నాది. నువ్వు లే.”

నాకూ లేచి చోటిచ్చి, పిల్లను దగ్గరకు తీసుకోవాలనే ఉంది. కానీ లేవలేదు.

“ఆగు. నీకంటె ముందు నేను పుట్టిన” అన్నాను.

అది కాళ్లు నేలకేసి కొడుతూ ఏడుపు లంకించుకుంది. “కదలకు బిడ్డా” అంది అమ్మ నాతో. నేను కదల్లేదు.